‘ఐ లవ్ లూసీ’ పాత షో అయినా బొమ్మ ఇంత స్పష్టంగా ఎలా ఉంది?

తెరవెనుక:
1951 అక్టోబర్ 15న అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో మొదలైన కామెడీ షో ఇది. బ్లూరేలో చూస్తుంటే లూసీగా నటించిన లూసిల్ బాల్ కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. అప్పటి అమెరికన్ కామెడీలు చాలావరకు పొగలో తీసినట్టుంటాయి. తేడా ఎక్కడొచ్చింది? ఒకే సీనును మూడు కెమెరాలతో ఒకేసారి తీసే పద్ధతి దీంతోనే మొదలైందంటారు, నిజమేనా? సిట్‌కామ్ (ఎపిసోడ్లుగా వచ్చే టీవీ కామెడీ) రాసేవాళ్లు ఇప్పటికీ దీన్నే ఎందుకు ముందేసుకుని కూర్చుంటారో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

మూడోకన్ను:
తేడా అంతా నెగటివ్‌లోనే ఉందండి. అప్పట్లో షోలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌గా వెళ్లేవి. పడమటి తీరానికి పంపేది కినిస్కోప్ కాపీ. అంటే టీవీ తెర ఎదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి, తెర మీది బొమ్మను మళ్లీ చిత్రీకరించడం. తెర గీతలూ మసకా అన్నీ అందులోకి దిగిపోతాయి, నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎగిరిపోతాయి. అలా పోయిన వివరాన్ని ఈరోజు ఎంత మంచి స్కానర్ పెట్టినా వెనక్కి తేలేం. లూసీని నేరుగా సినిమాలకు వాడే 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఆ నెగటివ్ ఉంది కాబట్టే హెచ్‌డీ సాధ్యమైంది.

మూడు కెమెరాలు దీంతోనే పుట్టాయనడం మాత్రం సరికాదు. 1950లోనే ‘ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్’ అనే గేమ్ షోను ఒకటికి మించిన ఫిల్మ్ కెమెరాలతో తీశారు. కథ ఉన్న కామెడీని, దాదాపు 300 మంది ప్రేక్షకుల ఎదుట, నాటకంలా వరసగా ఆడిస్తూ ఆ పద్ధతిలో తీయడాన్ని నిలబెట్టింది లూసీ. కెమెరామన్ కార్ల్ ఫ్రాయింట్, జర్మన్ మూకీ సినిమా ‘మెట్రోపాలిస్’కు పనిచేసిన మనిషి. నడిమి కెమెరాకు 28 నుంచి 50 ఎంఎం లెన్స్ పెట్టి మొత్తం సీను పట్టేవాడు. పక్కనున్న రెండింటికీ 75 ఎంఎం, అంతకు పైబడిన లెన్సులు, దగ్గరి షాట్ల కోసం. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలే నడుస్తుంది కాబట్టి సీన్ల మధ్య ఎక్కడో ఒకచోట ఆగి రీళ్లు మార్చక తప్పదు.

ఎడిటింగ్‌కు మూడు బొమ్మల్నీ పక్కపక్కన నడిపే ప్రత్యేక మూవియోలా (ఫిల్మ్ ఎడిటింగ్ యంత్రం) చేయించారు. ఈ మూడూ ధ్వనితో ఫ్రేముకు ఫ్రేము కలవాలి. ఒక్కటి కాస్త ముందూ వెనకా అయినా కట్ పడిన ప్రతిచోటా పెదాలు ఒకటి, మాట ఒకటి అవుతాయి.

తెరవెనుక:
లైటింగ్ సంగతేంటి? మూడు వైపుల నుంచి తీస్తుంటే స్టాండ్లు ఫ్రేములోకి రావా?

మూడోకన్ను:
వస్తాయి. అందుకే నేల మీద లైట్ పెట్టలేదు. దాదాపు అన్నీ పైనుంచే వేలాడదీశారు. ముఖం మీద నీడలు పడకుండా ప్రతి కెమెరాకూ లెన్స్ పైన చిన్న ఫిల్ లైట్ ఒకటి బిగించారు. కెమెరా ఎటు కదిలితే ఆ వెలుగూ అటే వెళ్తుంది. ఇంకో చిక్కుంది. ఫిల్మ్‌ను టీవీలో ప్రసారం చేస్తే కాంట్రాస్ట్ పెరిగిపోతుంది, తెలుపు మండిపోతుంది, నలుపు మూసుకుపోతుంది. అందుకని సెట్టుకు వేసిన రంగులన్నీ బూడిద ఛాయలే. సీనులో వార్తాపత్రిక కనిపించాల్సి వస్తే దానికి కూడా బూడిద రంగు పట్టించేవారు. ఆ జాగ్రత్తకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రీలుపెట్టె:
బొమ్మ ఎంత బాగున్నా, ఆ రీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే నా దృష్టిలో అసలు వారసత్వం. స్పాన్సర్ అయిన సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ షోను న్యూయార్క్ నుంచి లైవ్‌గా చేయమంది. షోలోనూ భార్యాభర్తలుగా నటించిన లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ దంపతులు హాలీవుడ్ వదిలేది లేదన్నారు. ఫిల్మ్ ఖర్చు ఎక్కువ, అందుకని జీతం తగ్గించుకున్నారు. బదులుగా ఆ ఫిల్ముల మీద హక్కు తమ కంపెనీ డెసిలూకు రాయించుకున్నారు. ఒకసారి ప్రసారమైన షోకు మళ్లీ విలువుంటుందని అప్పట్లో పెద్దగా ఎవరూ లెక్కవేయలేదు.

లూసిల్ బాల్ కాన్పు సమయంలో ఆ విలువ బయటపడింది. షూటింగ్‌లకు విరామం వచ్చినప్పుడు పాత ఎపిసోడ్లకు కొత్త ముందుమాట జోడించి మళ్లీ వేశారు, జనం చూశారు. లూసీకి బిడ్డ పుట్టే ఎపిసోడ్ 1953 జనవరి 19న వచ్చింది, లూసిల్ బాల్‌కు నిజంగా కొడుకు పుట్టిందీ ఆ రోజే. దాదాపు 4.4 కోట్ల మంది చూశారంటారు. తర్వాత ఆ హక్కుల్ని సీబీఎస్ కొనుక్కుంది. 1957లో డెసిలూ ఏకంగా హాలీవుడ్‌లోని ఆర్‌కేఓ సినిమా స్టూడియోలనే కొనేసింది. ‘స్టార్ ట్రెక్’ మొదలైంది ఈ డెసిలూలోనే.

పొడిమాట:
రచన గురించి ఎవరూ ఎత్తలేదు. జెస్ ఓపెన్‌హైమర్, మ్యాడలిన్ ప్యూ, బాబ్ క్యారల్ జూనియర్ ముగ్గురూ రేడియో నుంచి వచ్చినవాళ్లు. అయినా కళ్లతో చూసి నవ్వే కామెడీ ఎంత పకడ్బందీగా కట్టారో ‘జాబ్ స్విచింగ్’ (1952 సెప్టెంబర్ 15) చూస్తే తెలుస్తుంది. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ పనికి చేరిన చాక్లెట్ ఫ్యాక్టరీలో బెల్ట్ మొదలవకముందే సూపర్‌వైజర్ నిబంధన చెప్పేస్తుంది: ఒక్క చాక్లెట్ కాగితం చుట్టకుండా దాటినా ఉద్యోగం ఊడుతుంది. మొదట బెల్ట్ మెల్లగా నడుస్తుంది, ఇద్దరూ చక్కగా చుట్టేస్తుంటారు. వేగం పెరిగాక దాటిపోయేవాటిని నోట్లో కుక్కుకుంటారు, టోపీలో, జాకెట్లో దాస్తారు. సూపర్‌వైజర్ వచ్చి చూస్తే బెల్ట్ ఖాళీ. పని భేషుగ్గా ఉందనుకుని వేగం ఇంకా పెంచమంటుంది. దాచడంలో వాళ్లు గెలిచారు కాబట్టే ఇంకా మునిగారు. ఆ నిబంధన ముందే చెప్పకపోయుంటే మిగిలేది తిండి చిందరవందర మాత్రమే. దీన్ని అనుకరించి దెబ్బతిన్న సీన్లలో సాధారణంగా లోపించేది అదే.

అన్నీ అలా నిలవలేదు. భర్త భార్యను ఒళ్లో వేసుకుని కొట్టే సీన్లు కొన్ని ఎపిసోడ్లలో ఉన్నాయి, అవి ఇప్పుడు చూడలేం. కానీ క్యూబా యాసతో మాట్లాడే భర్తను అమెరికా ప్రేక్షకులు ఒప్పుకోరని చానల్ సందేహిస్తే, 1950లో దంపతులిద్దరూ వేదికల మీద కలిసి ప్రదర్శనలిచ్చి ఒప్పించారు. ఆ గెలుపు చిన్నది కాదు.

మొదలుపెట్టడానికి ‘జాబ్ స్విచింగ్’, టానిక్ ప్రకటన ఉన్న ‘లూసీ డస్ ఎ టీవీ కమర్షియల్’ (1952), ద్రాక్షలు తొక్కే ‘లూసీస్ ఇటాలియన్ మూవీ’ (1956) చాలు.

రీలుపెట్టె:
కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. శాటిన్ గుడ్డ మీద గుండె గుర్తుతో వచ్చే టైటిల్ పునఃప్రసారాల కోసం తర్వాత చేసింది. మొదటి ప్రసారంలో లూసీ, ఆమె భర్త రికీల (డెసి వేసిన పాత్ర) కార్టూన్ బొమ్మలు స్పాన్సర్ సిగరెట్ పెట్టెతో కలిసి కనిపించేవి. అసలు ప్రసారం ఎలా ఉండేదో చూడాలంటే ఆ పాత టైటిళ్లు కూడా ఇచ్చిన డిస్కులే తీసుకోండి. రంగులద్దిన ఎపిసోడ్లూ దొరుకుతున్నాయి, కానీ ఫ్రాయింట్ బూడిద ఛాయల లెక్క వాటిలో తెలియదు.