వెనక చక్రం దగ్గర బరబరా చప్పుడు, పొద్దున్నించీ చూస్తున్నా అంతు పట్టడం లేదు

లాసన్స్ బే కాలనీ: ఆరింటి నుంచి దీని మీదే ఉన్నాను. వెనక ఏదో రాసుకుంటున్నట్టు చప్పుడు. రాయి ఇరుక్కుందేమోనని చక్రం విప్పి టైరంతా తడిమాను. ఏమీ లేదు. మళ్ళీ బిగించి బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దాకా వెళ్ళొచ్చాను, అదే చప్పుడు. బ్రేకు లైనర్లు మార్చి ఆరు నెలలు కూడా కాలేదు. రేపు అమ్మను కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలి. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

గాజువాక: ఏ బండి? డ్రమ్ము బ్రేకా, డిస్కు బ్రేకా?

మధురవాడ: లైనర్లు మార్చారా, షూలు మార్చారా? రెండూ ఒకటి కాదండీ. షూ అంటే నెలవంకలా వంగిన ఇనప ముక్క, బ్రేకు వేస్తే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము అనే ఇనప డిప్పకు లోపలి నుంచి ఒత్తుకుంటుంది. దాని మీద అతికించిన రాపిడి పొర లైనర్. పాత షూకే కొత్త లైనర్ అతికించి ఇస్తే, ఆ అతుకు సరిగ్గా లేనప్పుడు ఊడి డ్రమ్ములో తిరుగుతుంది. అందుకే అడుగుతున్నాను.

లాసన్స్ బే కాలనీ: కారండీ, వెనక డ్రమ్ములే. మెకానిక్ లైనర్లన్నాడు, బిల్లులో షూ అని ఉంది.

గోపాలపట్నం: మీరు కొండలెక్కుతారా? సింహాచలం కొండ దిగేటప్పుడూ, అరకు వెళ్ళే అనంతగిరి ఘాట్‌లోనూ చాలామంది పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో పడేసి, బ్రేకు మీద కాలు తియ్యకుండా వస్తున్నారు. చూస్తుంటే గుండె ఆగిపోతుంది. అలా దిగితే లైనర్లు మాడి గట్టిపడతాయి, ఆ తర్వాత ఎంత నొక్కినా పట్టవు. ఎక్కిన గేరులోనే దిగాలి, బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

గాజువాక: మాస్టారూ, ఆయన అడిగింది చప్పుడు గురించి. బాబూ, అది ఆగకుండా వస్తోందా, చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కసారి వస్తోందా?

లాసన్స్ బే కాలనీ: ఆగకుండానే. ఎడమ వైపు నుంచి అనుకుంటున్నాను.

పెదవాల్తేరు: బ్రేకు ఎక్కువ వాడకుండా ఓ ఐదు కిలోమీటర్లు నడిపి ఆపండి. వెనక రెండు చక్రాల దగ్గరా చేతి వెనక వైపు పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒకటి వేడిగా, ఇంకొకటి మామూలుగా ఉంటే వేడిగా ఉన్నవైపు షూ వదలడం లేదని అర్థం. రెండూ చల్లగా ఉండి, మలుపు తిరిగినప్పుడు చప్పుడు మారితే బేరింగ్‌ని అనుమానించాలి.

లాసన్స్ బే కాలనీ: ఎడమదాని దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను, సెగ కొడుతోంది. కుడిది చల్లగా ఉంది. అన్నట్టు, మొన్నటి వానల్లో మేం ఊరెళ్ళాం, బండి పదిహేను రోజులు కదల్లేదు. ఇంటి ముందు వాలు కదా, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగే వెళ్ళాను.

పెదవాల్తేరు: అయ్యో, ఇది మొదటే చెప్పాల్సింది. ఇరవై ఏళ్ళుగా సముద్రం పక్కన బండి పెడుతున్నాను, ఈ ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. హ్యాండ్ బ్రేక్ వేసి రోజుల తరబడి వదిలేస్తే తుప్పుతో షూలు డ్రమ్మును కరుచుకుంటాయి. లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ తొడుగు చీలి, నీళ్ళు దిగి, లోపలి తీగ బిగుసుకుపోతుంది. మీరు లివర్ కిందికి దించుతారు, తీగ మాత్రం వెనక్కి జారదు. ఎక్కువ రోజులు ఆపితే గేరులో పెట్టి, చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వద్దు.

మధురవాడ: కరుచుకోవడం వేరు, ఈడ్వడం వేరండీ. కరుచుకుంటే చక్రం కదలదు. ఈయనది కదులుతోంది కాబట్టి ఈడుస్తోంది అనాలి.

పెదవాల్తేరు: మా వీధిలో రెండిటికీ పట్టేసింది అనే అంటాం.

గాజువాక: పేరేదైనా డ్రమ్ము విప్పాలి. ముందరి చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకోవద్దు. న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ దించి, చక్రం చేత్తో తిప్పితే బరువు తెలుస్తుంది. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదొద్దు. చాలా డ్రమ్ములకి మరలున్న చిన్న రంధ్రాలు రెండుంటాయి. వాటిలో సరిపడే బోల్టులు మార్చి మార్చి కొంచెం కొంచెం బిగిస్తే డ్రమ్మే బయటికొస్తుంది. లోపలి పొడిని గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి తుడవండి. షూలను డ్రమ్ము మీదికి తోసే వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తి తడి ఉందేమో చూడండి. బ్రేక్ ఆయిల్ లీకైతే షూలూ పోతాయి.

గోపాలపట్నం: రేపు అమ్మగారిని ఆ బండిలో మాత్రం తీసుకెళ్ళకండి. అలా కాలుతూ తిరిగితే ఆయిల్ మరిగి బ్రేకు పెడల్ మెత్తబడుతుంది.

లాసన్స్ బే కాలనీ: ఆటోలోనే వెళ్ళొచ్చాం, అమ్మ బాగుంది. ఇవాళ విప్పించాను. షూలు బాగానే ఉన్నాయి, ఎడమ వైపు కేబుల్ బిగుసుకుపోయింది. ప్లయర్‌తో లాగితే వస్తోంది, వదిలితే అక్కడే ఉండిపోతోంది. తొడుగు చీలిన చోట గోధుమరంగు నీళ్ళు కారాయి. కొత్తది వేశారు, చప్పుడు లేదు. థాంక్సండీ అందరికీ.

మధురవాడ: సంతోషం. కుడివైపు కేబుల్ కూడా చూశారా? అదీ అన్ని వానలూ చూసిందే. అంత వేడెక్కింది కాబట్టి ఎడమ డ్రమ్ము కొలిపించారా? ఎంత వ్యాసం దాకా అరగవచ్చో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది.

గోపాలపట్నం: పనిలో పనిగా బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా చెప్పండి.