ఎత్తంటే కాళ్లు వణుకుతాయి, కొండలెక్కడం ఎలా మొదలుపెట్టాలి?

బ్రాడీపేట_27
గుంటూరులో ఉంటాను. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడినా కాళ్లు వణుకుతాయి. ట్రెక్కింగ్, రాక్ క్లైంబింగ్ చేస్తే భయం తగ్గుతుందని, మిగతా విషయాల్లోనూ నిర్ణయాలు తీసుకునే ధైర్యం వస్తుందని అంటుంటారు. నిజంగా వస్తుందా? వస్తే దేనివల్ల? మన చుట్టుపక్కల ఎక్కడ, ఏ వరసలో మొదలుపెట్టాలి? "వెళ్తే అదే అలవాటవుతుంది" అని కాకుండా వివరంగా చెప్పండి.

ఖిల్లా_దారి
వస్తుందండీ. కానీ ఒకసారి ఎక్కి ఫొటో దిగి వస్తే రాదు, భయాన్ని ఒంటికి కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. మీ భయానికి పదికి ఎన్నో మీరే మార్కులు వేసుకోండి. 5, 6 వచ్చిన చోట ఆగి కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మార్కులు సగానికి పడేదాకా, పావుగంట పట్టినా అరగంట పట్టినా, అక్కడి నుంచి కదలొద్దు. చాలామంది భయం 8 మీద ఉండగానే గబగబా దిగిపోతారు. అప్పుడు మనసుకి ఎక్కేది "పారిపోయాను కాబట్టి బతికాను" అన్న మాటే. మరుసటిసారి భయం ఇంకా కింద మెట్టు దగ్గరే పట్టుకుంటుంది. అందుకే 9, 10 వచ్చే చోటికి మొదట్లోనే వెళ్లకూడదు.

వరస చెప్తాను. మొదటి నాలుగు ఆదివారాలు మంగళగిరి పానకాలస్వామి గుడి మెట్లు. తర్వాత కొండవీడు. అక్కడ ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి కాలిబాటలో వద్దనిపిస్తే రోడ్డున దిగొచ్చు. ఆపైన కొండపల్లి. ఖిల్లా చుట్టూ అడవే, బొమ్మల తెల్ల పొణికి కర్ర వచ్చేది అక్కడినుంచే. దారి తెలిసిన మనిషి లేకుండా, ముగ్గురికి తక్కువగా ఆ అడవిలోకి వెళ్లొద్దు. రెండు కోటల్లోనూ పాడుబడ్డ గోడల మీదికి అస్సలు ఎక్కొద్దు. మధ్యలో సున్నం రాలిపోయిన రాయి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, బరువు పడగానే కదులుతుంది.

మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయి తర్ఫీదు కూడా మొదలైంది భువనగిరి గుట్ట మీదే. డార్జిలింగ్, లద్దాఖ్ ఆ తర్వాతే.

పల్నాటి_ఎండ
పైన చెప్పిన వరస బావుంది, దానికి ఎండ లెక్క కూడా కలపండి. కొత్తవాళ్లకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. తెల్లారేసరికి కొండ కింద ఉండాలి. నీళ్లు గంటకి అర లీటరు, చెమట బాగా పడితే ముప్పావు. నాలుగు గంటల నడకకి మనిషికి 3 లీటర్లు మోయండి, అందులో ఒక లీటరు ఓఆర్ఎస్. లీటరుకని రాసి ఉన్న ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. చిన్న సీసాలో మొత్తం కుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై దాహం ఇంకా పెరుగుతుంది. ఎవరికైనా మాట తడబడినా, అడుగులు తూలినా వడదెబ్బ అనుకోండి. నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ఇక నిర్ణయాల సంగతి. నా దృష్టిలో కొండ నేర్పే పెద్ద విద్య, వెనక్కి తిరిగే టైము ముందే రాసుకోవడం. కొండ నడకకి ఎంతసేపు పడుతుందో అంచనా వేసే నైస్మిత్ లెక్క ప్రకారం 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. 4 కిలోమీటర్ల దారి, 200 మీటర్ల ఎత్తు అయితే 48 నిమిషాలూ 20 నిమిషాలూ. కొత్తవాళ్లు దీనికి సగం కలుపుకోవాలి, అంటే సుమారు గంటా నలభై. ఆరింటికి బయల్దేరితే 7:40కి పైన ఉండాలి. 8:15 అయితే ఎక్కడున్నా వెనక్కి, శిఖరం కళ్లెదుట కనపడుతున్నా సరే. కాగితం మీద రాసి జట్టులో అందరూ చూసుకోండి. "ఇంకో పది నిమిషాలే కదా" అనేది అలసిన బుర్ర. 1996 మే 10న ఎవరెస్టు మీద మధ్యాహ్నం రెండు దాటాక కూడా కొందరు పైకే సాగారు. సాయంత్రం తుఫాను కమ్మేసింది, 8 మంది పోయారు. చల్లటి బుర్రతో రాసుకున్న మాటని అలసటలో నిలబెట్టుకోవడం చేతనైతే, అప్పు ఇచ్చేటప్పుడు, ఉద్యోగం మారేటప్పుడు కూడా అదే పనికొస్తుంది.

తాడు_ముడి
క్లైంబింగ్ మాత్రం శిక్షకుడి దగ్గరే, పైనుంచి మనల్ని పట్టి ఉంచే తాడు, అంటే టాప్ రోప్‌తోనే మొదలుపెట్టండి. హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) నడుం బెల్టు తుంటి ఎముకలకి పైన ఉండాలి. బెల్టుకీ ఒంటికీ మధ్య సందులో అరచెయ్యి పరిచి దూరిస్తే వెళ్లాలి, పిడికిలి పట్టకూడదు. తాడుని హార్నెస్‌కి కట్టే, 8 అంకెలా ఉండే ఫిగర్ ఎయిట్ ముడి వేశాక జతలు లెక్కపెట్టండి. పక్కపక్కనే నడిచే తాళ్లు ఐదు జతలు కనపడాలి, కొస కనీసం 15 సెంటీమీటర్లు మిగలాలి. ఎక్కే ముందు బకిల్, ముడి, క్యారబీనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) తాళం, ఈ మూడూ ఒకరివి ఒకరు చేత్తో ముట్టుకుని చూడాలి. కింద తాడు పట్టుకున్నవాళ్లు బ్రేక్ చెయ్యి, అంటే తాడు జారకుండా ఆపే చెయ్యి, క్షణం కూడా వదలకూడదు. "నా ముడి ఒకసారి చూడు" అని అడగడం చాలామందికి మొదట నామోషీగా ఉంటుంది. అది పోవడం ధైర్యం కన్నా పెద్ద లాభం.

మీ కాళ్ల వణుకు రాతి మీద ఇంకా ఎక్కువవుతుంది, కుట్టుమిషన్ తొక్కినట్టు మడమ టకటకా కొట్టుకుంటుంది. అందులో భయం కొంతే. మునివేళ్ల మీద నిలబడి మడమ పైకెత్తి ఉంచడం వల్ల పిక్క అలిసిపోతుంది. మడమ కిందికి దించండి, వణుకు తగ్గుతుంది. చేతులు మడిచి వేలాడొద్దు, ముంజేతులు నిమిషాల్లో పట్టేస్తాయి. చేతులు చాచి ఉంచి, కాళ్లతో లేవండి.

బ్రాడీపేట_27
చాలా థాంక్సండీ అందరికీ. వచ్చే ఆదివారం మంగళగిరి. దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి పుడతాయంటారు, దానికేమైనా ఉందా?

ఖిల్లా_దారి
ముందురోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు బూటు ముందుకి కొట్టుకుని బొటనవేలి గోరు నల్లబడుతుంది. దిగే ముందు కొండ పైనే లేసులు విప్పి, మడమ వెనక్కి నొక్కి, చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టుకోండి. మోకాలు పూర్తిగా చాచి అడుగు వేయొద్దు, కొంచెం వంచి చిన్న చిన్న అడుగులు వేయండి. ఒక చేతికర్ర ఉంటే ముందు అది ఆనించి తర్వాత కాలు వేయండి. మెట్ల మీద కబుర్లు వద్దు, ఎక్కిన అలసట కాళ్లలో తెలిసేది దిగేటప్పుడే.