వ్యాక్సీనియా చిత్రాల్లోని నెలవంకలు: వైరస్ దశలా, కోతలో వచ్చిన రూపాలా?

ప్రశ్న
మశూచి టీకాకు వాడిన వ్యాక్సీనియా వైరస్ సోకిన కణాల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాల్లో, కేంద్రకానికి చేరువగా కణద్రవ్యంలో, నెలవంకల్లాంటి పొరలు, గుండ్రని వైరస్ రేణువులు, ఇటుకల్లాంటి ముదురు రేణువులు పక్కపక్కనే కనిపిస్తాయి. నెలవంక ముందు, గోళం తరువాత, ఇటుక చివర అని చదువుకున్నాం. కణాన్ని చంపి, రెసిన్‌లో గట్టిపరచి, పలుచగా కోసి తీసిన నిశ్చల చిత్రం నుంచి ఈ వరుసను ఎలా తేల్చారు? గోళాన్ని ఓరగా కోసినందువల్ల నెలవంక వచ్చి ఉండదా?

జవాబు 1
ఉండదండి. పుచ్చకాయను ఎటు నుంచి కోసినా తొక్క పూర్తి వలయంగానే కనిపిస్తుంది; నెలవంకలా కనిపించాలంటే అది ముందే ఎక్కడో తెరుచుకుని ఉండాలి. అయితే దాదాపు పూర్తయిన గోళాన్ని దాని రంధ్రం మీదుగా కోసినా నెలవంకే వస్తుంది కనుక ఒక్క కోతను నమ్మకూడదు. గోళం వ్యాసం సుమారు 300 నానోమీటర్లు, కోత మందం 50 నుంచి 70. అంటే ఒకే గోళం నాలుగైదు వరుస కోతల్లో దొరుకుతుంది. వాటిని పేర్చి చూస్తే నెలవంక నిజానికి గిన్నె ఆకారమని తెలుస్తుంది.

జవాబు 2
వరుస విషయానికొస్తే, సోకిన కణాలను వేర్వేరు గంటల్లో స్థిరపరచి ఏ రూపం ఎప్పుడు మొదలవుతుందో చూడటం ఒక దారి. 1960లలో వైరస్ శాస్త్రవేత్త సామ్యూల్ డేల్స్ పరిశీలనలు ఈ తరహావే. నాకు మాత్రం అంతకంటే బలమైన సాక్ష్యం రిఫాంపిసిన్ అనిపిస్తుంది. క్షయకు వాడే ఈ మందు వ్యాక్సీనియా కూర్పునూ ఆపుతుందని 1969లో తెలిసింది. మందు ఉన్నంతసేపు నెలవంకలకు బదులు వంకరటింకర పొరలే పేరుకుంటాయి. దాన్ని కడిగేస్తే కొద్ది నిమిషాల్లోనే నెలవంకలు, ఆ తరువాత గోళాలు ఏర్పడతాయి. మందు అడ్డుకునేది డి13 అనే ప్రోటీన్‌ను. పొరకు వంపునిచ్చే పరంజీ అదే. అది తేనెపట్టు గదుల్లా అమరి ఉంటుందని 2005లో జాన్ హ్యూసర్ చిత్రాలు చూపాయి. గోళం ఇటుకగా మారేటప్పుడు ఆ పరంజీ ఊడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. మరి ఆ పొర ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు 1
అసలు వివాదం అక్కడే. పొర కణద్రవ్యంలో కొత్తగానే పుడుతుందని డేల్స్ అన్నారు. కణం లోపలి పొరల నిర్మాణాలైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌కూ గాల్జీకీ నడుమనున్న పొరల సంచి రెండు పొరలుగా చుట్టుకుంటుందని 1993లో మరో బృందం వాదించింది. 2009లో ఎలక్ట్రాన్ టోమోగ్రఫీతో (నమూనాను వేర్వేరు కోణాల్లో చిత్రించి త్రిమితీయ రూపం కట్టే పద్ధతితో) చూసినవారికి అంచులు తెరుచుకున్న ఒకే పొర కనిపించింది. పొరకు అలా తెగిన అంచు ఉండటం కణశాస్త్రంలో ఎంత అరుదంటే, మొదట్లో చాలామంది దాన్ని రసాయనాలతో స్థిరపరచడంలో వచ్చిన లోపంగానే అనుమానించారు.