డైపర్ మాన్పించడం: నాలుగో నెల నుంచే పాదాల మీద కూర్చోబెట్టాలా, రెండేళ్లు నిండేదాకా ఆగాలా?

నల్లకుంట నాన్న
సూటిగా అడుగుతున్నా. ఇంట్లో పెద్దవాళ్లేమో నాలుగో నెల నుంచే పాదాల మీద కూర్చోబెట్టి ‘ష్‌ష్’ అనమంటారు. పిల్లల డాక్టర్లేమో ఏడాదిన్నర లోపు ఆ ఊసే వద్దంటారు. ప్లే స్కూలువాళ్లేమో జూన్‌కల్లా డైపర్ లేకుండా పంపమంటారు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి? ‘ఏ బిడ్డ తీరు ఆ బిడ్డదే’ అన్న జవాబు దయచేసి వద్దు. ఏ వయసులో, ఎన్ని వారాలు, ఏం కొనాలి, ఎక్కడ చెడుతుంది, ఇవి చెప్పండి చాలు.

అల్వాల్ అమ్మమ్మ
వాదన తర్వాత, ముందు పద్ధతి తెలుసుకో నాయనా. ఇప్పటివాళ్లలో సగంమంది దీన్ని తప్పుగా చేసి, పనిచేయదంటారు.

బిడ్డకి మెడ నిలవాలి. అంటే మూడు, నాలుగు నెలలు. మనం చిన్న పీట మీద కూర్చుని, మోకాళ్లు వంచి, రెండు పాదాలూ అరచేయంత ఎడంగా పెట్టుకోవాలి. బిడ్డ తొడ ఒక్కొక్కటి ఒక్కో పాదం మీద, పిర్రలు మధ్య సందులో, వీపు మన కాళ్లకి ఆని ఉండాలి. మన చేతులు చంకల కింద. రెండు నిమిషాలు, అంతే. రాకపోతే ఎత్తేయడమే. ఏడుస్తుంటే అసలు కూర్చోబెట్టకూడదు.

వేళ ముఖ్యం. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగిన పది ఇరవై నిమిషాలకి ఇంకోసారి. ‘ష్‌ష్’ అనేది రప్పించడానికి కాదు, వస్తున్నప్పుడు అనాలి. మూడు నాలుగు వారాలు అలా జత కలిశాక ఆ చప్పుడుకే బిడ్డ వదులుతుంది. ముందు చప్పుడు, తర్వాత ఎదురుచూపు అయితే ఎన్నాళ్లైనా కుదరదు.

గుర్తులూ ఉంటాయి. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి మెలికలు తిరగడం, ఆడుతున్నది ఒక్కసారిగా ఆగి ఎటో చూడడం, కనుబొమ్మల దగ్గర ఎర్రబడడం. చంకన ఉంటే కాళ్లతో తంతుంది. డైపర్ కట్టేసి పక్కన పడుకోబెడితే ఇవేవీ మన కంట పడవు.

చంటిపిల్లల వార్డు సిస్టర్
అమ్మా, మీరు చెప్పిన పద్ధతిలో తప్పేం లేదు. కానీ అలవాటు పడింది ఎవరు? బిడ్డ కాదు, మీరు. ఏడాది లోపు పిల్లలకి మూత్రం మీద, మలం మీద తమ అదుపంటూ ఉండదు. మూత్రాశయం నిండగానే దానంతటదే ఖాళీ అవుతుంది. ‘ఇప్పుడు వద్దు, ఆపుకుందాం’ అని మెదడు కిందికి చెప్పే దారి ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య తయారవుతూ ఉంటుంది. మీరు వేళ పట్టుకుని కూర్చోబెడుతున్నారు కాబట్టి నేల తడవడం లేదు. మీరు ఊరెళ్లి ఆయాకి అప్పగిస్తే మర్నాటికి అంతా మొదటికొస్తుంది.

బ్రేజల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 1962లో 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించాడు. బిడ్డ సిద్ధమయ్యాకే మొదలుపెట్టాలన్నది ఆయన పద్ధతి. పగటి పూట పొడిగా ఉండడం సగటున 28.5 నెలలకి వచ్చింది. డాక్టర్లు ‘బిడ్డ సిద్ధమయ్యేదాకా ఆగండి’ అనడం అప్పటి నుంచి వస్తున్న మాటే.

మియాపూర్ క్రెష్ టీచర్
సిస్టర్ గారూ, 1962 ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగం కథే. 1977లో తూర్పు ఆఫ్రికా డిగో జనం మీద డెవ్రీస్ అనే పరిశోధక దంపతులు రాసింది కూడా ఉంది. అక్కడ తల్లులు బిడ్డ పుట్టిన కొన్ని వారాల నుంచే, మన అమ్మమ్మ గారు చెప్పినట్టే, కాళ్ల మధ్య కూర్చోబెట్టి చప్పుడు చేస్తారు. అయిదారు నెలలకల్లా పిల్లలు పగలూ రాత్రీ పొడిగా ఉంటారని రాశారు. కాబట్టి ‘చేతకాదు’ అనలేం. బిడ్డని రోజంతా ఒంటికి అంటిపెట్టుకుని తిరిగే మనిషి ఉంటే కుదురుతుంది అనాలి. గచ్చిబౌలిలో ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో ఆ మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న.

చంటిపిల్లల వార్డు సిస్టర్
ఒప్పుకుంటున్నా. అయితే 2003లో వచ్చిన ఇంకో అమెరికా అధ్యయనం ఫలితం కూడా వినండి. ‘టాయిలెట్‌కి వెళ్దామా’ అని రోజుకి మూడుసార్ల కంటే ఎక్కువ అడగడాన్ని అందులో గట్టి శిక్షణ అన్నారు. 27 నెలల లోపు గట్టిగా మొదలుపెట్టినా శిక్షణ పూర్తయ్యే వయసు తగ్గలేదు, పట్టే కాలం మాత్రం పెరిగింది. మీ వైపు మాట కూడా అందులోనే ఉంది: తొందరగా మొదలుపెట్టినందువల్ల మలబద్ధకం గానీ, బిగబట్టుకోవడం గానీ పెరగలేదు. అంటే నష్టం లేదు, లాభమూ పెద్దగా లేదు.

అల్వాల్ అమ్మమ్మ
లాభం లేదంటావేంటమ్మా? పొద్దునా సాయంత్రం ‘రెండుకి’, అంటే మలం, పాదాల మీద అయిపోతే రోజుకి రెండు డైపర్లు మిగులుతాయి. తొడల సందున ఒరుపు ఉండదు. ఏడాదిన్నరకి పాటీ కుర్చీ చూపిస్తే ‘ఇదేంటి’ అని బెదరదు.

కూకట్‌పల్లి ఫిజియో
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇద్దరూ వదిలేసినది ఒకటుంది, కూర్చునే ఆకారం. అమ్మమ్మ గారి పాదాల మీద బిడ్డ మోకాళ్లు పిర్రల కంటే పైన ఉంటాయి. చంకన ఎక్కించుకున్నప్పుడూ అంతే, తొడలు విడిపోయి కప్ప కాళ్లలా ఉంటాయి. తుంటి కీలుకి అదే మంచి భంగిమ. (కాళ్లు చాపించి బిగించి గుడ్డ చుట్టడం మాత్రం మానాలి. గుంటలో కూర్చోవాల్సిన తొడ ఎముక తల పక్కకి జారే ప్రమాదం ఉంది.) మలద్వారం దారి తిన్నగా అయ్యేదీ ఆ భంగిమలోనే.

ఇప్పుడు మూడేళ్ల బిడ్డని పెద్దల వెస్ట్రన్ కమోడ్ మీద చిన్న సీటు వేసి కూర్చోబెడతారు. కాళ్లు గాల్లో వేలాడతాయి. పడిపోతానన్న భయంతో బిడ్డ రెండు చేతులా అంచు పట్టుకుని తొడలు బిగిస్తుంది. తొడలు బిగిస్తే కింద కండరం కూడా బిగుస్తుంది, ఇక రెండుకి ఎలా వస్తుంది? కాబట్టి కొనేది ఏదైనా సరే, కూర్చున్నాక అరికాళ్లు పూర్తిగా ఆనాలి. నేల మీద పెట్టే పాటీ కుర్చీ అయితే సమస్యే లేదు. కమోడ్ సీటయితే కింద గట్టి పీట ఉండాలి, మోకాళ్లు తుంటి కంటే రెండు మూడు అంగుళాలు పైకి లేవాలి. పాట పాడే, లైట్లు వెలిగే పాటీలకి డబ్బు పెట్టకండి, బిడ్డ బొత్తాలు నొక్కుతూ కూర్చుంటుంది.

ఎత్తుకునే క్యారియర్ గురించి కూడా ఒక మాట. రెండు తొడల మధ్య సన్నటి పట్టీతో, కాళ్లు తిన్నగా కిందికి వేలాడేలా ఉండేది వద్దు. గుడ్డ ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనకదాకా పరుచుకోవాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, ముఖం ఎప్పుడూ మనకి కనిపించాలి. ఏప్రిల్, మే ఎండల్లో మన ఒంటి వేడి, బిడ్డ వేడి, డైపర్ ఉక్క మూడూ కలుస్తాయి. అరగంటకోసారి బయటికి తీసి, మెడ వెనక తడిమి చూడండి.

నల్లకుంట నాన్న
సరే. అసలు సంగతికి వద్దాం. బిడ్డకి రెండేళ్లు, పగలంతా క్రెష్‌లో. ఎలా మొదలుపెట్టాలి?

మియాపూర్ క్రెష్ టీచర్
ముందు వయసు చూడకండి, ఈ నాలుగూ చూడండి: రెండు గంటలపాటు డైపర్ పొడిగా ఉంటోందా, ‘అది తీసుకురా’ అంటే తెస్తోందా, ప్యాంటు తనే కిందికి లాగగలదా, తడిసినప్పుడు చిరాకు పడుతోందా. మొదటిది లేకపోతే మిగతావి ఉన్నా ఆగండి. రెండేళ్ల బిడ్డ మూత్రాశయంలో సుమారు 100 మి.లీ. పడుతుంది, చిన్న టీ కప్పంత. అది నిండేదాకా ఆగడం రాకపోతే మీరు రోజంతా తుడుచుకుంటూనే ఉంటారు.

తర్వాత మాట. ఇంట్లో ‘ఉచ్చ’ అంటారు, ఆయా ‘సుసు’ అంటుంది, టీచరు ‘వాష్‌రూమ్’ అంటుంది. బిడ్డకి మూడూ మూడు వేర్వేరు పనులు. ఏదో ఒక మాట ఖాయం చేసి అందరికీ చెప్పండి. హైదరాబాద్ ఇళ్లలో చెడేది ముందుగా ఇక్కడే.

మొదటి వారం డైపర్ తీయొద్దు. పాటీ బాత్‌రూమ్‌లో పెట్టి, బట్టలతోనే రోజుకి రెండుసార్లు కూర్చోనివ్వండి. డైపర్‌లో చేసిన రెండుకి బిడ్డ ఎదురుగానే పాటీలో వేయండి, ఎక్కడికి పోవాలో అర్థమవుతుంది. రెండో వారం మూడు రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండండి. పగలు డైపర్ పూర్తిగా తీసేయాలి. కాటన్ నిక్కర్లు 10 నుంచి 12 కావాలి. ఇంట్లో నిక్కరు, బయటికి డైపర్ అని తొడిగితే ఆ మూడు రోజుల శ్రమా వృథా. లేవగానే, అన్నం తిన్న 20 నిమిషాలకి, నిద్రకి ముందు, మిగతా టైమంతా గంటన్నరకోసారి. అయిదు నిమిషాలకి మించి కూర్చోబెట్టకండి. మొదటి రోజు ఆరేడుసార్లు తడుస్తుంది. మూడో రోజుకి మూడు నాలుగుసార్లకి తగ్గాలి. తగ్గకపోతే పట్టు పట్టకుండా ఆపేసి ఆరు వారాల తర్వాత మళ్లీ మొదలుపెట్టండి.

పుల్-అప్ డైపర్లు, అంటే ప్యాంటులా తొడిగేవి, శిక్షణకి పనికిరావు. లోపలి జెల్ తడిని క్షణంలో పీల్చేస్తుంది, తడిసిన సంగతి బిడ్డకి తెలియదు. తెలియకపోతే నేర్చుకునేదేముంది?

బోరబండ ఆయమ్మ
ఊకె ‘వస్తుందా, వస్తుందా’ అని అడుగుడు బంద్ జెయ్యుండ్రి. ఎన్నిసార్లడిగినా ‘లే’ అనే అంటరు పోరగాండ్లు, ఆట ఇడిసి ఎవరొస్తరు? ‘పోదాం పా, బొమ్మ గూడ వస్తది’ అని చెయ్యి వట్టి తీస్కపోవాలె. ఇంగ జెట్ స్ప్రే. ఎండకాలం మధ్యాహ్నం మీది ట్యాంకుల నీళ్లు కాలుతయ్, చలికాలం పొద్దుగాల మంచు లెక్కుంటయ్. ముందుగాల మన చెయ్యి మీద కొట్టుకోని సూడాలె. ఒక్కపారి సుర్రుమన్నదంటే ఆ పిల్ల నెల దాకా బాత్రూం మొకం సూడదు. మగ్గుతోని కడిగేది మేలు. ఆడపిల్లకు ముందుకెళ్లి ఎన్కకు కడగాలె, ఎన్కకెళ్లి ముందుకు గాదు.

చంటిపిల్లల వార్డు సిస్టర్
ఆయమ్మ చెప్పిన చివరి మాట బంగారం. వెనక నుంచి ముందుకి కడిగితే మలంలోని సూక్ష్మజీవులు మూత్రమార్గంలోకి వెళ్తాయి. జలుబూ దగ్గూ లేకుండా జ్వరం వచ్చి, ఒకటికి పోసేటప్పుడు ఏడిస్తే మూత్రపరీక్ష చేయించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకటికి పాటీలో వెళ్లే పిల్లలే రెండుకి మాత్రం డైపర్ కావాలని మంకుపట్టు పడతారు, కర్టెన్ వెనకో సోఫా వెనకో నిలబడి చేస్తారు. ఇక్కడ డైపర్ ఇవ్వనంటే బిగబడతారు. రెండు రోజులు బిగబడితే గట్టిపడి నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి ఇంకా బిగబడతారు. కాబట్టి మెట్లు మెట్లుగా: డైపర్ ఇవ్వండి కానీ బాత్‌రూమ్‌లోనే చేయమనండి. నాలుగైదు రోజులకి డైపర్‌తోనే పాటీ మీద కూర్చోనివ్వండి. ఆపైన డైపర్ అడుగున చిన్న కంత కోయండి, రోజురోజుకీ పెద్దది చేయండి. రెండు మూడు వారాలు పడుతుంది. నవ్వుకోకండి, ఇది పనిచేస్తుంది.

తిండి చూడండి. రోజుకి అరలీటరు దాటి పాలు తాగే పిల్లలకి మలం గట్టిపడడం మామూలే. పాలు 400, 500 మి.లీ.కి తగ్గించి, గింజ తీసిన జామ, బొప్పాయి, ఆకుకూర పప్పు పెట్టండి. మైదా బిస్కెట్లు తగ్గించండి. నిక్కరుకి రోజూ కొద్దికొద్దిగా మరక అవుతుంటే కావాలని చేస్తోందని తిట్టకండి. లోపల గట్టిగా పేరుకున్న దాని పక్క నుంచి పలచటిది కారుతుంటుంది, బిడ్డకి తెలియదు కూడా. అది శిక్షణతో తీరేది కాదు, డాక్టరుకి చూపించాలి.

అల్వాల్ అమ్మమ్మ
చూశావా, ఇంత తంటా ఎందుకొచ్చింది? రెండేళ్లపాటు డైపర్‌లో చేయడం నేర్పాం, ఇప్పుడు మాన్పిస్తున్నాం.

చంటిపిల్లల వార్డు సిస్టర్
ఈ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదమ్మా. రెండుకి విషయంలో మీ పద్ధతికే నా ఓటు, వేళ తెలిసిపోతుంది కాబట్టి. ఒకటికి విషయంలో మాత్రం మారను. అది 20 నెలల లోపు తొందరపడేది కాదు.

నల్లకుంట నాన్న
జూన్‌లో స్కూలు అయితే ఎప్పుడు మొదలుపెట్టాలి? వానాకాలంలో వద్దని ఎవరో అన్నారు.

మియాపూర్ క్రెష్ టీచర్
మార్చి చివర. ఎండల్లో తక్కువ బట్టలు, తడిసినవి గంటలో ఆరతాయి. ఒకసారి కుదరక ఆరు వారాలు ఆగాల్సి వచ్చినా మే మూడో వారంలో మళ్లీ ప్రయత్నించడానికి చోటుంటుంది. జూలైలో అయితే పన్నెండు నిక్కర్లూ బాల్కనీలో ముక్క కంపు కొడుతూ వేలాడతాయి. ఎండలని నీళ్లు మాత్రం తగ్గించకండి, తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మండుతుంది, మండితే ఆపుకుంటారు. ఇంట్లో రెండో బిడ్డ పుట్టే నెలలోనూ, ఇల్లు మారే నెలలోనూ మొదలుపెట్టొద్దు.

ఇంకోటి, వాడిన డైపర్‌ని కమోడ్‌లో వేసి ఫ్లష్ కొట్టకండి. జెల్ నీళ్లు పీల్చి ఉబ్బి అపార్ట్‌మెంట్ పైపు మొత్తం పట్టేస్తుంది. మలం కమోడ్‌లో దులిపి, డైపర్ని కాగితంలో చుట్టి విడిగా చెత్తబండికివ్వాలి.

నల్లకుంట నాన్న
రాత్రిళ్లు?

చంటిపిల్లల వార్డు సిస్టర్
రాత్రిది వేరే లెక్క. నిద్రలో మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే హార్మోను ఎప్పుడు పెరుగుతుందో మన చేతుల్లో లేదు. అర్ధరాత్రి లేపి కూర్చోబెడితే పరుపు పొడిగా ఉంటుందేమో కానీ బిడ్డ నేర్చుకునేది ఏమీ లేదు. రాత్రి డైపర్ ఉంచండి. వరసగా పది, పన్నెండు పొద్దుళ్లు పొడిగా కనిపిస్తే తీసేయండి. తీసిన రోజు పక్క ఇలా వేయండి: రబ్బరు షీటు, దుప్పటి, మళ్లీ రబ్బరు షీటు, మళ్లీ దుప్పటి. రాత్రి రెండింటికి తడిస్తే పై జత లాగేసి పడుకోబెట్టొచ్చు. అయిదేళ్లు నిండేదాకా పక్క తడిపితే దాన్ని జబ్బుగా చూడం.

అల్వాల్ అమ్మమ్మ
రబ్బరు షీటు కింద పాత పంచె ఒకటి మడిచి వెయ్యి నాయనా. షీటు జారదు.