వదిలేసిన బిడ్డను పెంచాల్సింది ఆరామమా, ఇల్లా?

వంశధార:
తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలను చేరదీసి పెంచుతున్న ఒక బౌద్ధ సమాజం మీద డాక్యుమెంటరీ చూశాను. కళ్లు చెమర్చాయి. శాలిహుండం కొండ మీద స్తూపాలున్న మన శ్రీకాకుళం జిల్లాలోనూ అలాంటి ఆరామం ఒకటి ఉంటే ఎంత బాగుండును! ఉద్దానంలో కిడ్నీ జబ్బు తండ్రులను తీసుకుపోయిన పిల్లలకైనా నీడ దొరుకుతుంది. మీరేమంటారు?

కవిటి టీచరు:
ఆ భిక్షువుల దయకు చేతులెత్తి మొక్కుతాను. కానీ వంశధార గారూ, ఉద్దానం పిల్లలను ఈ లెక్కలో కలపకండి. వాళ్లను ఎవరూ వదిలేయలేదు. మా బడిలో ఒక అమ్మాయి తండ్రి డయాలసిస్ మీద కొన్నాళ్లుండి పోయాడు. తల్లి పలాసలో జీడిపిక్కలు కొడుతుంది. జీడి అంటి ఆమె వేళ్లు నల్లగా పొక్కిపోయి ఉంటాయి. ఆ వేళ్లతోనే తెల్లవారకముందే కూతురికి జడ వేసి పనికి వెళుతుంది. పిల్లను ఎక్కడైనా చేర్పించేయమని చుట్టాలు పోరుతున్నారు. పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను తల్లి నుంచి విడదీయడం దయ ఎలా అవుతుంది? కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ముందు అది అందేలా చూద్దాం. 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా సంస్థలో చేర్చడాన్ని చిట్టచివరి మార్గంగానే చూస్తుంది.

నాగావళి:
తల్లి ఉన్న పిల్లల సంగతి సరే. ఎవరూ లేని పసికందు మాటేమిటి? దత్తత కుదిరేదాకా, కుదరకపోతే ఆ తర్వాతా ఎత్తుకునే చేతులు కావాలి కదా. అవి భిక్షుణి చేతులైతే తప్పేమిటి?

కవిటి టీచరు:
తప్పు లేదండీ. శిశు సంక్షేమ కమిటీ ద్వారా, నమోదైన సంస్థలోనే జరగాలి, అంతే. పెంచడం వేరు, కాషాయం కట్టించడం వేరు. బుద్ధుడి కొడుకు రాహులుడికి చిన్నతనంలోనే దీక్ష ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు తల్లడిల్లి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డకూ దీక్ష ఇవ్వవద్దని బుద్ధుణ్ణి వేడుకున్నాడు. బుద్ధుడు దాన్ని నియమం చేశాడు. అనుమతి అడగడానికి తల్లీ తండ్రీ లేని బిడ్డ విషయంలో మరింత ఆగాలి. పెద్దయ్యాక తనే నిర్ణయించుకోనివ్వాలి.

వంశధార:
ఉద్దానం పిల్లల గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. ఆరామం కోరిక మాత్రం వదులుకోను. టీచరు గారూ, ఆ అమ్మాయి తల్లి చేత దరఖాస్తు పెట్టించారా? జిల్లాలో ఆ డబ్బు అందుకున్నవారు ఎవరైనా ఉంటే, ఏయే కాగితాలు అడిగారో ఇక్కడ రాయండి.