బెంగళూరు–హైదరాబాద్ విమాన దూరం 455 కి.మీ.నా, 500 కి.మీ.నా? సాయంత్రం ఫంక్షన్‌కి ఏ ఫ్లైట్ ఎక్కాలి?

హోసూరు రోడ్డు:
ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మియాపూర్ వెళ్లాలండీ. సాయంత్రం ఆరున్నరకి నిశ్చితార్థం. ఒక సైట్‌లో 500 కి.మీ. అనుంది, ఇంకోదాంట్లో 455. టికెట్ మీద గంటా పదిహేను నిమిషాలు. గాల్లో నిజంగా ఎంతసేపు? 3:45 ఫ్లైట్ సరిపోతుందా?

ఉత్తరపు గాలి:
రెండు అంకెలూ కరెక్టేనండీ. 500 అన్నది ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకి. 455 విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి. మన విమానాశ్రయం బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్ళి దగ్గర ఉంది, శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది. రెండూ ఒకదానివైపు ఒకటి జరిగి కూర్చోవడం వల్ల ఆ 45 తగ్గింది. కాకపోతే ఆ తగ్గినదంతా మీరు రోడ్డు మీద కడతారు, సిటీ ట్రాఫిక్‌లో.

గాల్లో ఉండేది 45–50 నిమిషాలే. టికెట్ మీది సమయం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా వెళ్లి వరుసలో నిలబడటం, దిగాక పార్కింగ్‌కి రావడం అన్నీ అందులోనే.

రన్‌వే 27:
ఇంకో సంగతి. రెండు చోట్లా రన్‌వేలు తూర్పు–పడమరగా ఉన్నాయి, మన ప్రయాణమేమో ఉత్తరానికి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి ఇక్కడ పడమరకి లేచి కుడికి తిరుగుతుంది. శంషాబాద్‌లో తూర్పు వైపుకి వెళ్లి, మళ్లీ పడమరకి తిరిగి దిగాలి. అందుకే 455 కంటే ఎక్కువే ఎగురుతుంది. పైకెక్కడం, కిందికి దిగడం పోగా మధ్యలో సమంగా పోయేది కొద్ది నిమిషాలే. టికెట్‌లో ఏటీఆర్ అని ఉంటే అది ఫ్యాన్ల విమానం, ఓ పావుగంట అదనంగా వేసుకోండి.

ఉత్తరపు గాలి:
ఇక 3:45 సంగతి: వద్దు. టైముకే దిగినా అయిదు అవుతుంది. చెకిన్ బ్యాగు ఉంటే బెల్ట్ దగ్గర 20–25 నిమిషాలు. అవుటర్ మీదుగా మియాపూర్‌కి గంట, గచ్చిబౌలి దగ్గర సాయంత్రం రద్దీ తగిలితే ఇంకా పైనే. ఇక్కడ అరగంట లేటైతే కార్యక్రమం తప్పినట్టే. మధ్యాహ్నం రెండింటి లోపు బయల్దేరేది తీసుకోండి. బ్యాగేజీ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు, కాబట్టి పన్నెండింటికల్లా అక్కడుండాలి. ఎలక్ట్రానిక్ సిటీలో తొమ్మిదిన్నరకి బయల్దేరండి.

హోసూరు రోడ్డు:
క్యాబ్‌లో వెళ్తే సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దగ్గరే భయం. వేరే దారి ఉందా?

మెజెస్టిక్ మీదుగా:
ఉందండీ. ఎలక్ట్రానిక్ సిటీలో మెట్రో యెల్లో లైన్ ఎక్కి, ఆర్‌వీ రోడ్‌లో గ్రీన్ లైన్‌కి మారి, మెజెస్టిక్‌లో దిగండి. సిల్క్ బోర్డ్ పైనుంచే దాటిపోతారు. మెజెస్టిక్ నుంచి విమానాశ్రయానికి వాయు వజ్ర బస్సు. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినా గంటంపావు వేసుకుంటే చాలు. ఎక్కేముందు టికెట్ మీద టీ1నా టీ2నా చూసుకోండి. తప్పు టెర్మినల్ దగ్గర దిగితే షటిల్ కోసం పావుగంట పోతుంది. పెద్ద సూట్‌కేసులు రెండుంటే మాత్రం క్యాబే నయం, ఆర్‌వీ రోడ్‌లో ప్లాట్‌ఫారం మారడం కష్టం.