బేరింగ్ యాత్ర వెనక లైబ్నిజ్ ఉన్నాడంటారు, నిజమేనా?

నడిరేయి చదువరి:

18వ శతాబ్దం మొదటి పాతికేళ్ల యూరప్ గురించి చదువుతున్నాను. తత్వశాస్త్రం వైపు నుంచి దిగాను కాబట్టి లైబ్నిజ్ దగ్గర ఆగిపోయాను. న్యూటన్‌తో కలన గణితం తగాదా, మోనాడ్లు (సృష్టి అంతా విడదీయరాని సూక్ష్మ తత్వాలతో ఏర్పడిందన్న ఆయన సిద్ధాంతం), అవన్నీ సరే. కానీ రష్యా జార్ పీటర్ నౌకాధికారి విటస్ బేరింగ్‌ను సైబీరియా తూర్పు కొసనున్న కమ్చాత్కా ద్వీపకల్పానికి పంపడానికి అసలు ప్రేరణ లైబ్నిజేనని ఒకచోట చదివాను. ఆసియా, అమెరికా నేలతో కలిసి ఉన్నాయా, మధ్యలో సముద్రం ఉందా తేల్చమని ఆయన జార్ వెంటపడ్డాడట.

హానోవర్ లాంటి చిన్న జర్మన్ రాజ్యంలో గ్రంథాలయం చూసుకుంటూ, ఏలికల వంశచరిత్ర రాసుకునే మనిషి మాట రష్యా జార్ ఎందుకు వింటాడండీ? పైగా లైబ్నిజ్ 1716లోనే పోయాడు. బేరింగ్ ఆసియా, అమెరికాల మధ్యనున్న జలసంధిలోకి ఓడ నడిపింది 1728లో. ఇది తత్వవేత్తల అభిమానులు అల్లిన కథేనా, ఏమైనా పస ఉందా?

మంచుదారి:

నన్నడిగితే చాలావరకు కథే. సైబీరియా అంటే రష్యా ఖజానాకు సేబుల్ అనే జంతువు తోళ్లు. ఉన్నచోట జంతువులు తగ్గేకొద్దీ వేటగాళ్లు తూర్పుకు జరుగుతూనే ఉన్నారు. పీటర్ దృష్టి జపాన్ వ్యాపారం మీద కూడా ఉంది. 1719లోనే ఎవ్రెయినోవ్, లూజిన్ అనే ఇద్దరు సర్వేయర్లను కమ్చాత్కాకు, ఇంకా ఆవలికి పంపాడు. అమెరికా ఆసియాతో కలిసిందా లేదా చూడమనే వాళ్లకిచ్చిన ఆజ్ఞలో ఉంది. వాళ్లు మాత్రం కమ్చాత్కాకు దక్షిణాన, జపాన్ వైపున్న కురిల్ దీవులకు వెళ్లి, 1722లో కజాన్‌లో జార్‌ను కలిసి పటం చేతిలో పెట్టారు. ఆ ఆజ్ఞలో ఖండాల మాట పైకి చెప్పడానికేనని, అసలు పని కురిల్ దీవులేనని వాదించేవాళ్లూ ఉన్నారు. ఇందులో తత్వశాస్త్రం ఎక్కడుంది?

పాతపటాల బైరాగి:

మంచుదారి గారూ, తోళ్ల సంగతి కాదనను. కానీ జార్ ఎందుకు విన్నాడన్నది కదా ప్రశ్న. దానికి జవాబు ఒక పెళ్లిలో దొరుకుతుంది.

1711 అక్టోబరులో టోర్గావ్‌లో పీటర్ కొడుకు అలెక్సీకి, షార్లెట్ క్రిస్టీన్ అనే వోల్ఫెన్‌బ్యూటెల్ రాకుమారికి పెళ్లయింది. పెళ్లికూతురి తాత డ్యూక్ ఆంటన్ ఉల్రిష్. ఆయన గ్రంథాలయం కూడా లైబ్నిజ్ చేతికిందే ఉండేది. అంటే లైబ్నిజ్ ఆడపెళ్లివారి మనిషి. జార్‌తో ముఖాముఖి మాట్లాడే అవకాశం అలా వచ్చింది. మర్నాటి ఏడు కార్ల్స్‌బాద్‌లో మళ్లీ కలిశారు. 1712లో జార్ ఆయనకు న్యాయ సలహాదారు బిరుదు, ఏడాదికి 1000 థాలర్ల (వెండి నాణేల) జీతం రాసిచ్చాడు. చివరిసారి కలుసుకున్నది 1716 వేసవిలో, పిర్మాంట్ అనే నీటివైద్యం ఊళ్లో.

ఇంతకీ లైబ్నిజ్ మొదటి నుంచీ పీటర్ పక్షం కాదు. 1700లో నార్వా దగ్గర స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ రష్యన్లను చితక్కొట్టినప్పుడు, ఆ కుర్రరాజు మాస్కో దాకా, ఆముర్ నది దాకా ఏలితే బాగుండునని కోరుకున్నాడు. 1709లో పోల్తావాలో చార్లెస్ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. ఇక అక్కడి నుంచి పీటరే విజ్ఞానానికి దిక్కు! ఏ ఎండకా గొడుగు అని తిట్టుకోవచ్చు. నేను తిట్టను. ఆయన కోరిక ఒక్కటే, ఐరోపాకూ చైనాకూ మధ్యనున్న ఆ పెద్ద ఖాళీని ఎవరో ఒకరు కొలిపించాలి. ఆ ఎవరో స్వీడన్ రాజా, రష్యా జారా అన్న పట్టింపు లేదు.

జార్ ముందు పెట్టిన కోరికల చిట్టా చిన్నదేం కాదు. ఒక విజ్ఞాన అకాడమీ పెట్టాలి. రాజ్యం పొడవునా దిక్సూచి ముల్లు ఎక్కడెక్కడ ఎంత పక్కకు తిరుగుతోందో రాయించాలి. ప్రతి జాతి భాషకూ నమూనాలు తెప్పించాలి, జాతుల పుట్టుపూర్వోత్తరాలు భాషల్లోనే దొరుకుతాయని ఆయన నమ్మకం. ఆసియా, అమెరికా కలిశాయా లేదా తేల్చాలి. అకాడమీ 1724లో మంజూరైంది. బేరింగ్‌కు ఆజ్ఞ రాసింది ఆ డిసెంబరులోనే. కొద్ది వారాలకే పీటర్ చనిపోయాడు. ఇవన్నీ లైబ్నిజ్ వల్లనే జరిగాయని నేననను. పారిస్ భౌగోళికులదీ ఇదే ప్రశ్న, 1717లో పీటర్ అక్కడికి వెళ్లినప్పుడు వాళ్లూ పటాలు ముందేసుకుని కూర్చున్నారు. నలువైపుల నుంచీ అదే మాట చెవిన పడుతుంటే జార్ బుర్రలో నాటుకోదా?

అన్నట్టు, ఇదే సమయంలో సొంతింట్లో లైబ్నిజ్ పరిస్థితి ఏమిటో చూడండి. 1714లో ఆన్ రాణి పోయింది. 1701 నాటి వారసత్వ చట్టం పుణ్యమా అని హానోవర్ ఏలిక జార్జి ఇంగ్లండు రాజయ్యాడు. లైబ్నిజ్ వియన్నా నుంచి పరుగెత్తుకొచ్చేసరికి రాజు లండన్ బయల్దేరిపోయాడు. వెనకే రాబోతే, వంశచరిత్ర పూర్తిచేసి రమ్మని ఆపేశారు. కలన గణితంలో దొంగతనం అంటగట్టిన న్యూటన్ మనుషులు లండన్‌లో ఉన్నారు, తన యజమాని వాళ్లకే రాజు! కన్నతల్లి లాంటి సంస్థానం ముఖం చాటేసింది కాబట్టి దూరపు జార్ మీద ఆశలు ఎక్కువయ్యాయని నా ఊహ.

కానీ నా అసలు మాట వేరు. ఈ కథలో లైబ్నిజ్ పేరే వినిపించి పోల్తావా ఖైదీల పేర్లు వినిపించకపోవడం అన్యాయం. పోల్తావాలోనూ, ఆ తరవాతా వేలమంది స్వీడన్ సైనికులు పట్టుబడ్డారు. చాలామందిని సైబీరియా తోలారు. చదువుకున్న అధికారులు సైబీరియా పట్టణం తోబోల్స్క్‌లో గుంపుగా చేరారు. యుద్ధం ముగిసేదాకా ఇల్లు లేదు, చేతినిండా ఖాళీ. బడి పెట్టారు, పటాలు గీశారు.

కమ్చాత్కాకు అప్పట్లో నేలదారిన ఈశాన్యంలోని అనాదిర్ మీదుగా చుట్టూ తిరిగి పోవాలి, దారిలో అక్కడి కొర్యాకు జాతివాళ్ల దాడులు. సముద్రం మీదుగా దారి వెతకమని 1714లో ఆజ్ఞ వచ్చింది. ఓడ కట్టడం తెలిసినవాళ్లు ఆ మూల ఎక్కడ దొరుకుతారు? హాలండ్‌లో పుట్టి, స్వీడన్ సైన్యంలో చేరి పట్టుబడ్డ హెన్రిక్ బుష్ దొరికాడు. కమ్చాత్కాకు ఎదురుగా, సముద్రపు పడమటి ఒడ్డునున్న ఒఖోత్స్క్‌లో ఓడ తయారైంది. 1716లో కమ్చాత్కా తీరం చేరి, చలికాలం అక్కడే గడిపి, మర్నాటి ఏడు తిరిగొచ్చారు. పదేళ్ల తరవాత బేరింగ్ తన సరుకంతా కమ్చాత్కాకు దాటించింది ఈ దారినే.

నడిరేయి చదువరి:

బైరాగి గారూ, పెళ్లి సంగతి ఎక్కడా చదవలేదు, చాలా సంతోషం. ఇంకొక్కటి. దెజ్న్యోవ్ అనే కొసాక్కు (రష్యా సరిహద్దు సైనికుడు) 1648లోనే ఆసియా కొసను చుట్టి వచ్చాడంటారు కదా. మరి పీటర్‌కు తెలియదా? తెలిస్తే ఇంత తతంగం ఎందుకు?

మంచుదారి:

ఇది నేను చెబుతాను. దెజ్న్యోవ్ బృందం ఉత్తర సముద్రంలో కలిసే కొలిమా నది ముఖం నుంచి చిన్న చిన్న పడవల్లో బయల్దేరింది. చాలా పడవలు దారిలోనే పోయాయి. మిగిలినవాళ్లు అనాదిర్ నదికి దక్షిణాన ఒడ్డున పడ్డారు. అంటే రెండు ఖండాల మధ్య నీళ్లున్నాయని బేరింగ్ కంటే 80 ఏళ్ల ముందే తేలిపోయింది. కానీ ఆ నివేదిక యాకుత్స్క్ కచేరీలో అడవిగాచిన వెన్నెల అయింది. 1736లో చరిత్రకారుడు మ్యుల్లర్ ఆ కాగితాల కట్టలు విప్పినప్పుడు గానీ బయటపడలేదు. అప్పటికి బేరింగ్ వెళ్లొచ్చి ఆరేళ్లు.

పీటర్ ఆజ్ఞ కూడా ఒకసారి చూడండి, మూడే అంశాలు. కమ్చాత్కాలోనో మరోచోటో కప్పున్న పడవ ఒకటో రెండో కట్టండి. ఉత్తరానికి పోయే నేల పక్కనే ప్రయాణం చేయండి, దాని కొస తెలియదు గనక అది అమెరికాయే అనిపిస్తోంది. అది అమెరికాతో ఎక్కడ కలుస్తుందో వెతికి, ఐరోపావాళ్ల ఊరు ఏదైనా ఉంటే అక్కడిదాకా వెళ్లి, పటంలో గుర్తుపెట్టుకుని రండి. జలసంధి ఉందా లేదా అని ఎక్కడా సూటిగా అడగలేదు. పక్కనే అమెరికా ఉందనుకుని, అక్కడ స్పెయిన్‌వాళ్ల ఊళ్లు ఎంత దూరమో తెలుసుకోమన్నట్టుంది. అందుకే ఇది లైబ్నిజ్ ప్రశ్న కాదంటున్నాను.

పాతపటాల బైరాగి:

ఆజ్ఞ పీటర్‌ది, నిజమే. ఓడ మీదికెక్కాక ఏమైందో చూడండి మరి.

బేరింగ్ డెన్మార్క్ మనిషి. కిందివాళ్లలో స్పాన్‌బెర్గ్ కూడా అక్కడివాడే, చిరికోవ్ రష్యన్. 1725 మొదట్లో పీటర్స్‌బర్గ్ వదిలితే ఒఖోత్స్క్ చేరడానికే రెండు చలికాలాలు పోయాయి. సరుకుతో వెనకబడ్డ స్పాన్‌బెర్గ్ జట్టు ఆకలికి చచ్చిన గుర్రాలను, తోలు పట్టీలను కూడా తింది. అక్కడి నుంచి సముద్రం దాటి, కమ్చాత్కా అడ్డంగా కుక్కల బండ్ల మీద సామాను ఈడ్చి, అవతలి ఒడ్డున 'గాబ్రియేల్' అనే ఓడ కట్టారు. 1728 జులైలో బయల్దేరారు. ఆగస్టులో తోలు పడవలో వచ్చిన చుక్చీ జాతివాళ్లను దుబాసీల ద్వారా ప్రశ్నలడిగారు. తీరం పడమటికి తిరిగిపోతోందని కనిపెట్టాక, బేరింగ్ తన కింది ఆ ఇద్దరినీ ఏం చేద్దామని రాతపూర్వకంగా అడిగాడు. ఆగస్టు 16 దాకా ఉత్తరానికి పోయి వెనక్కి తిరుగుదామన్నాడు స్పాన్‌బెర్గ్. కొలిమా ముఖం దాకానో, మంచు అడ్డొచ్చేదాకానో పోనిదే రెండు ఖండాలు విడిగా ఉన్నాయని గట్టిగా చెప్పలేమన్నాడు చిరికోవ్. అమెరికా దొరికితే ఐరోపావాళ్ల ఊళ్లు ఎంత దూరమో లెక్కేద్దామని ఎవరూ అక్కడ కూర్చోలేదు. వాళ్లు తర్జనభర్జన పడ్డది లైబ్నిజ్ ప్రశ్న మీదే!

బేరింగ్ స్పాన్‌బెర్గ్ మాట విని, 67 డిగ్రీల 18 నిమిషాల అక్షాంశం దగ్గర ఓడ తిప్పేశాడు. నా ఓటు చిరికోవ్‌కే. జాగ్రత్తపరుడు మంచి కప్తానే, మంచి సాక్షి మాత్రం కాలేడు. అమెరికా తీరం కనిపించనే లేదు. 1730లో పీటర్స్‌బర్గ్ చేరాక నౌకాదళం పెద్దలు నిరూపణ ఏదని ముఖం చిట్లించారు, వాళ్లను తప్పుపట్టలేం. తమాషా ఏమిటంటే 1732లో అదే గాబ్రియేల్ ఎక్కి ఫ్యోదొరోవ్, గ్వోజ్‌దేవ్ అలాస్కా తీరం చూసొచ్చారు. ఎంతమందికి తెలుసు వాళ్ల పేర్లు?

(తేదీలన్నీ రష్యా పాత పంచాంగం ప్రకారం. మిగతా ఐరోపాలో చాలాచోట్ల వాడేదానికి 11 రోజులు తక్కువ. పుస్తకాల్లో తేడా వస్తే కంగారు పడకండి.)

మగ్గం మీద మనసు:

ఖైదీల మాటొచ్చింది గనక చెప్పాలి. రెనాట్ అనే ఫిరంగిదళం మనిషి పోల్తావాలో రష్యన్లకు చిక్కాడు. బంగారం ఉందన్న కబురు నమ్మి, ఇర్తిష్ నది మీద పీటర్ పంపించిన దళంలో ఆయన్నీ తీసుకెళ్లారు. 1716లో జుంగారులు అనే మధ్య ఆసియా మంగోలు జాతివాళ్లు ఆ దళాన్ని కొట్టి ఆయన్ను పట్టుకుపోయారు. ఖైదులో మళ్లీ ఖైదు! 17 ఏళ్లు అక్కడే ఉన్నాడు. బ్రిగిట్టా షెర్జెన్‌ఫెల్ట్ అనే స్వీడన్ ఆవిడ కూడా అలాగే చిక్కింది. అక్కడి పాలకుల ఇంట్లో నేతపని నేర్పింది. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుని 1734లో స్టాక్‌హోమ్ చేరారు. రెనాట్ వెంట తెచ్చిన మధ్య ఆసియా పటం ఇప్పటికీ ఉప్సలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. ఆవిడ నేర్పిన నేత ఏ రకమో అని నాకెప్పుడూ కుతూహలం. పటాలకున్నట్టు బట్టకు చరిత్రకారులు ఉండరు కదా.

నడిరేయి చదువరి:

ఈ ఖైదీల్లో ఎవరితో మొదలుపెట్టమంటారు? లైబ్నిజ్‌తో ముడిపడినవాళ్లయితే నాకు తేలిక.

పాతపటాల బైరాగి:

స్ట్రాలెన్‌బెర్గ్‌తో మొదలుపెట్టండి. అసలు పేరు టాబెర్ట్, పోల్తావా నుంచి తోబోల్స్క్ చేరినవాడు. మెస్సర్‌ష్మిట్ అనే జర్మన్ వైద్యుణ్ని సైబీరియా పరిశోధనకు పీటరే నియమించాడు. 1721లో ఆయన వెంట టాబెర్ట్ కూడా బయల్దేరాడు. శాంతి సంధి కుదిరి ఖైదీలకు విడుదల వచ్చాక, 1722లో క్రాస్నొయార్స్క్‌లో ఇద్దరూ విడిపోయారు. ఉన్న ఒక్క స్నేహితుడూ పోతున్నాడని కన్నీళ్లతో సాగనంపినట్టు మెస్సర్‌ష్మిట్ దినచర్యలో రాసుకున్నాడు.

పుస్తకం 1730లో స్టాక్‌హోమ్‌లో జర్మన్ భాషలో అచ్చయింది, పెద్ద పటంతో సహా. ఐరోపాకూ ఆసియాకూ ఉరల్ కొండలు సరిహద్దు అన్న మాట అందులో ఉంది. ఆ ఆలోచన తానే ఇచ్చానని రష్యన్ భౌగోళికుడు తాతిష్చెవ్ తరవాత అన్నాడు, అది వేరే పంచాయితీ. మీరు మాత్రం నేరుగా భాషల పట్టికకు వెళ్లండి. సైబీరియా చుట్టుపక్కల 32 రకాల జాతుల మాటలు పక్కపక్కన పేర్చి ఉంటాయి. లైబ్నిజ్ జార్‌ను అడిగిన నమూనాలు ఇలాంటివే. ఆయన రాతల్లో భాషల మీదున్నవి పక్కన పెట్టుకుని చదివితే ఇంకా బాగుంటుంది.